మరమ్మతు మాన్యం

2017 నవంబరు 14న ఫైర్‌ఫాక్స్ 57 విడుదలైంది. క్వాంటమ్ అనే పేరుతో, మునుపటికన్నా రెట్టింపు వేగమని చెప్పుకుంటూ వచ్చిన బ్రౌజరు. వేగం నిజమే. కానీ ఆ రోజుతో పాత పద్ధతిలో రాసిన యాడాన్లన్నీ ఒక్క దెబ్బకు ఆగిపోయాయి. ఆగిపోయినవాటిలో పద్మ ఒకటి. దానికోసం తెలుగువాళ్లెవరూ గొడవ పడలేదు. దాని పని అప్పటికే అయిపోయిందని అందరం అనుకున్నాం. నిజంగా అయిపోయిందా అన్నదే ఈ వ్యాసం.

ఫోన్ మీద వేలితో తెలుగు కొట్టేస్తున్న తరానికి 2005 నాటి తెలుగు వెబ్ ఎలా ఉండేదో చెప్పడం కొంచెం కష్టం. ఫైర్‌ఫాక్స్‌లో ఒక దినపత్రిక సైటు తెరిస్తే తెలుగు కనిపించేది కాదు. ఇంగ్లీషు పెద్దక్షరాలు, డాలరు గుర్తులు, నెత్తిన టోపీ పెట్టుకున్న ఫ్రెంచి అచ్చులు కలగలిసిన పిచ్చిరాతలు వచ్చేవి. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికింది. కానీ మామూలు మనిషి కంప్యూటర్లో ఆ తెలుగు సరిగ్గా కనబడటానికి విండోస్ ఎక్స్‌పీ దాకా, అంటే 2001 దాకా ఆగాల్సి వచ్చింది. పత్రికలు ఆగలేదు. ఆగే పరిస్థితీ లేదు. ఎవరికి వాళ్లు సొంత ఫాంట్ చేయించుకుని, ఇంగ్లీషు అక్షరాలుండే గడుల్లో తెలుగు ముక్కల్ని కూర్చోబెట్టారు. ఈనాడు గడులు వేరు, వార్త గడులు వేరు. ఒకరి ఫాంట్‌తో ఇంకొకరి పేజీ చదవలేం.

ముక్కలు అని ఎందుకంటున్నానంటే, అప్పటి ఫాంట్లలో ఉన్నవి 256 గడులే. తెలుగు గుణింతాలు, వత్తులు అన్నీ విడివిడిగా అందులో పట్టవు. అందుకని అక్షరాన్ని విరిచారు. తలకట్టు ఒక గడిలో, కొమ్ము ఒక గడిలో, ఒక్కో వత్తు ఒక్కో గడిలో. పేజీ తెరిచినప్పుడు ఆ ఫాంట్ దానంతట అదే దిగేట్టు నెట్‌స్కేప్‌కి ఒక ఏర్పాటు, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి ఇంకో ఏర్పాటు ఉండేవి. ఫైర్‌ఫాక్స్ ఆ రెండింటినీ ఒప్పుకోలేదు. లినక్సు వాడేవాళ్ల సంగతి సరేసరి.

పద్మ ఆ ఖాళీలో పుట్టింది. రాసింది వెన్న నాగార్జున. 2003 డిసెంబరు 10న తెలుగు వికీపీడియాకి అంకురం వేసిన మనిషే. ఫైర్‌ఫాక్స్‌లో పద్మ వేసుకుంటే, అది పేజీలో వాడిన ఫాంట్ పేరు చూసి, ఆ ఫాంట్ పట్టికతో ముక్కల్ని పోల్చుకుని, వాటిని అక్షరాలుగా కూర్చి, అప్పటికప్పుడు యూనికోడ్ తెలుగుగా మార్చి చూపించేది. తెలుగుతో ఆగలేదు. మలయాళం, తమిళం, దేవనాగరి లాంటి లిపుల పత్రికలకూ పట్టికలు చేరాయి. అదంతా జీపీఎల్ కింద, ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చన్న షరతుతో ఇచ్చారు.

ఆ షరతు ఊరికే పోలేదు. పద్మలో ఇంగ్లీషు అక్షరాలతో రాసిన తెలుగుని, అంటే ఆర్.టి.ఎస్.ని, యూనికోడ్‌గా మార్చే భాగం కూడా ఉంది. వీవెన్ దాన్ని తీసుకుని లేఖిని తయారుచేశాడు. తెలుగు బ్లాగుల మొదటి తరంలో చాలామంది రాతకోతలు లేఖినిలోనే సాగాయి. ఆర్.టి.ఎస్. మాత్రం ఇంకా వెనకటిది. అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ తయారుచేసుకున్న పద్ధతి. తెలుగక్షరం కనిపించని తెరల మీద తెలుగువాళ్లు ఒకళ్లకొకళ్లు ఉత్తరాలు రాసుకోవడానికి పనికొచ్చింది. అంటే 1990ల నాటి ఒక అలవాటు, 2005 నాటి ఒక యాడాన్‌లోంచి వచ్చి, ఆ తర్వాతి బ్లాగుల్లో కవిత్వమైంది. మన సాహిత్య చరిత్రల్లో ఈ సంగతి ఎవరైనా రాస్తే బాగుండు. ఏ పత్రిక ఎప్పుడు మొదలైందో రాస్తాం గానీ ఏ పనిముట్టుతో రాశామో రాయం.

పద్మ చేసే పనిలో నాకు బాగా నచ్చే ఒక చిక్కుంది. 'స్త్రీ' అన్న అక్షరం తీసుకోండి. పలక మీద (మా వైపు పలక అంటే మార్కాపురం పలకే) దీన్ని ఎలా దిద్దుతాం? ముందు స, దానికి గుడి దీర్ఘం, అంటే సీ. ఆ తర్వాత కింద త వత్తు, ర వత్తు. పాత ఫాంట్లలో ముక్కలు వచ్చేదీ ఇదే వరసలో. యూనికోడ్‌లో అలా కాదు. స, త, ర, చివర్న ఈ. నోటితో పలికే వరస అది. పాత ఫాంట్ చేతిని నమ్ముకుంది, యూనికోడ్ నోటిని నమ్ముకుంది. మధ్యలో నిలబడి ఒకదాన్ని ఇంకోదానిలోకి మార్చాలంటే, ముక్కలు వచ్చినవి వచ్చినట్టు దించితే చాలదు. అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో పట్టుకోవాలి, వత్తుల్ని వెనక్కి లాగి అచ్చుని చివరికి నెట్టాలి. 

ఇది తెలియని మార్పిడి పనిముట్లు చేసే చెరుపు ఇప్పటికీ నెట్‌లో కనబడుతుంది. 'మోసం' అని రాసి ఉన్నచోట లోపల 'వెూసం' ఉంటుంది. వ, ఎత్వం, కొమ్ము దీర్ఘం. కంటికి దాదాపు ఒకటే. వెతికితే మాత్రం దొరకదు. సున్న ఉండాల్సినచోట అంకె 0 ఉంటుంది. అదీ అంతే. చదవడానికి ఉండి, వెతకడానికి లేని తెలుగు ఎంతుందో లెక్కకట్టడం కూడా కష్టమే, ఎందుకంటే లెక్కకట్టాలంటే ముందు వెతకాలి.

మరి ఫైర్‌ఫాక్స్ వాళ్లు ఇలాంటిదాన్ని ఎందుకు తీసేశారు? మొజిల్లా తెలుగు మీద కక్ష కట్టిందేం కాదు. పాత యాడాన్లకు బ్రౌజరు లోపలి గదులన్నింటికీ తాళంచెవులు ఉండేవి. ఏ గోడైనా తొలవొచ్చు. పద్మ లాంటివి సాధ్యమైంది ఆ స్వేచ్ఛ వల్లే. అదే స్వేచ్ఛ వల్ల బ్రౌజరు లోపల ఒక గోడ జరిపితే వంద యాడాన్లు కూలేవి. దొంగ యాడాన్లకూ అవే తాళాలు. అందుకని 2015 ఆగస్టులో మొజిల్లా ముందే చెప్పింది: పాత దారి మూసేస్తున్నాం, క్రోమ్ తరహాలో ఉండే కొత్త దారికి మారండి అని. రెండేళ్లకు పైగా గడువిచ్చింది. నిజానికి మర్యాదగానే చేసింది. కానీ గడువు ఎవరికి పనికొస్తుంది? యాడాన్ వెనక జీతగాళ్లున్న కంపెనీకి పనికొస్తుంది. ఉద్యోగం చేసుకుంటూ రాత్రిపూట రాసిన మనిషికి రెండేళ్లయినా ఇరవై ఏళ్లయినా అవే రాత్రులు.

పైగా అప్పటికి పత్రికల సైట్లు ఒక్కొక్కటిగా యూనికోడ్‌కి మారిపోయాయి. ఏ రోగానికైతే మందు తయారైందో ఆ రోగం తగ్గింది. మందు ఎవరడుగుతారు?

నేను అడగాల్సి వచ్చింది. మా చిన్నాన్న కంభంలో తెలుగు అయ్యవారుగా చేసి రిటైరయ్యాడు. 2004 నుంచి ఓ మూడేళ్లపాటు ఆదివారాలు నెట్ సెంటర్లో కూర్చుని, జిల్లా వార్తల్లో కంభం చెరువు గురించి, గుండ్లకమ్మ గురించి, పలకల ఫ్యాక్టరీల గురించి వచ్చిన పేజీలన్నీ సేవ్ చేసి సీడీల్లో రాయించుకున్నాడు. పదకొండు సీడీలు. ఆ నెట్ సెంటర్ ఇప్పుడు లేదు. ఆ వార్తలు సైట్లోనూ దొరకవు. పోయినేడు ఆ సీడీలు నా చేతికిచ్చి, "నీకు కంప్యూటర్ ఎరుకే గదా, వీటిని సదివేటట్టు చెయ్యి," అన్నాడు. సీడీలు చాలావరకు తెరుచుకున్నాయి. లోపల ఉన్నవి డాలరు గుర్తులు, టోపీ అచ్చులు.

నా ముందు మూడు దారులున్నాయి. పాత ఫైర్‌ఫాక్స్‌ని, అంటే ఎక్స్‌పీ మీద నడిచిన చివరిదైన 52ని, ఒక మూల పెట్టెలో బంధించి, అందులో పాత పద్మని నడుపుకోవడం ఒకటి. పద్మ మొత్తాన్ని కొత్త యాడాన్‌గా తిరగరాయడం రెండోది. పద్మని వదిలేసి, ఇప్పుడు దొరికే మార్పిడి పనిముట్లలో దేనితోనో పని కానిచ్చేయడం మూడోది. ఆఫీసులో ఇదే ప్రశ్న నెలకోసారి వస్తుంది. పాతబడిన ఒక లైబ్రరీ, దాన్ని రాసినవాళ్లు పట్టించుకోవడం మానేశారు, వెర్షన్ పెంచాలా, పీకేయాలా? అక్కడ జవాబు తేలిక. ఎన్ని గంటల పని, ఎంత ప్రమాదం, ఎవరు బిల్లు కడతారు. ఇక్కడ బిల్లు లేదు.

ఇక్కడ కంభం చెరువు గురించి కొంచెం చెప్పాలి. నల్లమల వైపు నుంచి వచ్చే గుండ్లకమ్మ రెండు కొండల మధ్య సన్నటి కనుమలోంచి దూరేచోట అడ్డంగా కట్ట వేశారు. విజయనగర కాలం నాటిది. వరదరాజమ్మ అనే రాణి కట్టించిందని చెప్తారు. ఇంపీరియల్ గెజిటీరు లెక్కల్లో కట్ట ఎత్తు 57 అడుగులు, చెరువుకి నీళ్లొచ్చే మేర 430 చదరపు మైళ్లు, కింద పారే భూమి సుమారు 10,300 ఎకరాలు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దీన్ని ప్రపంచ వారసత్వ నిర్మాణాల పట్టికలో చేర్చింది. అదే ఏడు అదే పట్టికలోకి పోరుమామిళ్ల చెరువు, కర్నూలు-కడప కాలువ కూడా ఎక్కాయి.

గిద్దలూరు దాటి దక్షిణంగా వెళ్తే వచ్చే పోరుమామిళ్లలో ఒక శాసనముంది. 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు తవ్వించి వేయించాడు. చెరువు మంచిగా ఉండాలంటే పన్నెండు అంగాలు కావాలని అందులో జాబితా ఉంటుంది: ధనమూ ధర్మబుద్ధీ ఉన్న రాజు, జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి నేల, తియ్యటి నీళ్ల ఏరు, కట్టకు ఆనే కొండ, దగ్గర్లో రాతి గని, పనితనం తెలిసిన కూలీలు, ఇలా. ఆరు దోషాలు కూడా చెప్పారు. రెండు రాజ్యాల సరిహద్దు మీద చెరువు కట్టడం ఒక దోషమట. అదెంత పెద్ద దోషమో కృష్ణా నీళ్ల తగాదాలు చూస్తున్న మనకు వేరే చెప్పక్కర్లేదు. రోజుకి వెయ్యిమంది కూలీలు, రాళ్లు మోయడానికి వంద బండ్లు, రెండేళ్ల పని అని కూడా రాసి ఉంది. మన ప్రాజెక్టుల శిలాఫలకాల మీద ఇంత నిజాయితీగల లెక్క నేనెక్కడా చూళ్లేదు.

ఆ పన్నెండు అంగాల్లో లేనిది ఒకటుంది. కట్టిన తర్వాత ఎవరు చూసుకోవాలి? కట్టకి గండి పడితే, తూము కొయ్య కుళ్లితే, పూడిక నిండితే? శాసనం అడగని ఆ ప్రశ్నకి ఈ ప్రాంతం వేరేచోట జవాబు చెప్పుకుంది. దాని పేరు దశబంధం. సొంత ఖర్చుతో చెరువు కట్టించినవాడికో, పాడైనదాన్ని బాగుచేయించినవాడికో ఆ చెరువు కింది భూమిలో కొంత శిస్తు లేకుండా మాన్యంగా ఇచ్చేవాళ్లు. పదో వంతు అన్న లెక్కలోంచి పేరు వచ్చింది. షరతు ఒక్కటే: చెరువు బాగున్నంత కాలం మాన్యం నీది. మరమ్మతు మానేస్తే మాన్యం పోతుంది. 1800లో నిజాం కుంపిణీకి వదిలేసిన దత్తమండలాల్లో కంభం కూడా ఉంది. తెల్లదొరలు లెక్కలు తీసినప్పుడు ఈ దశబంధం ఇనాములు చాలాచోట్ల ఎదురయ్యాయి.

దశబంధంతోపాటు ఇంకోటి కూడా ఉండేది, కుడిమరామత్తు. ఏటా రైతులే తట్టా పారా పట్టుకుని చెయ్యాల్సిన చిన్న మరమ్మతులు. పైన మాన్యగాడు, కింద ఊరు. పంతొమ్మిదో శతాబ్దంలో శిస్తు నేరుగా సర్కారుకి కట్టే పద్ధతి వచ్చి, పెద్ద పనులు ఇంజనీర్ల శాఖ చేతికి పోయాక, ఊరికి ఆ పని మీద పట్టు తప్పింది. రైతులు కుడిమరామత్తుకి రావడం లేదని 1858లో మద్రాసు ప్రభుత్వం ఒక చట్టమే చేసింది, బలవంతంగానైనా పని చేయించేట్టు. జనం సోమరులయ్యారని రాసుకున్న అధికారులున్నారు. పండినదాంట్లో చెరువుకని పక్కకు తీసే వంతు లేకుండా చేసి, పని మాత్రం ఆనవాయితీ ప్రకారం చెయ్యమంటే ఎవరు చేస్తారు? 1997లో ఆంధ్రప్రదేశ్‌లో నీటి వినియోగదారుల సంఘాల చట్టం తెచ్చి రైతుల్ని మళ్లీ పిలవడం ఈ కథకే కొనసాగింపు.

ఓపెన్‌సోర్సులో ఇప్పుడు నడుస్తున్నది అచ్చంగా 1858 నాటి పరిస్థితి అని నాకనిపిస్తుంది. జీపీఎల్ మరమ్మతు చేసుకునే హక్కు ఇచ్చింది. మాన్యం ఇవ్వలేదు. ప్రపంచంలో సగం వెబ్‌సైట్లకు తాళం వేసే ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో 2014 ఏప్రిల్లో హార్ట్‌బ్లీడ్ అనే కన్నం బయటపడినప్పుడు తెలిసింది, దాన్ని పూర్తికాలం చూసుకునే ఉద్యోగి దాదాపు ఒక్కడేనని. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్యాకేజీలో దొంగదారి దొరికింది. అలసిపోయిన నిర్వాహకుడికి సాయం చేస్తానంటూ రెండేళ్ల పైచిలుకు నమ్మకంగా పనిచేసినవాడే ఆ దొంగదారి పెట్టాడు. కంపెనీలన్నీ ఆ నీళ్లు తాగేవే. కట్ట మీద మట్టి వేసినవాళ్లు ఇద్దరో ముగ్గురో. 

పాత బావినో చెరువునో తోటనో బాగుచేయించినవాడికి మొదట కట్టించినవాడికి వచ్చే ఫలమే వస్తుందని విష్ణుస్మృతిలో ఉంది. గిట్‌హబ్‌లో అలా ఉండదు. కొత్తగా ఒకటి మొదలుపెట్టినవాడికి చుక్కలు, ఇంకొకడి పాత కోడ్‌లో బూజు దులిపినవాడికి ఫిర్యాదులు. ఇందుకే మనలో ఎవరికి చేతనైనా కొత్తగా ఒక కన్వర్టర్ రాయడానికే మొగ్గుతాం. నెట్‌లో తెలుగు ఫాంట్ కన్వర్టర్లు అన్ని ఉన్నాయి, ఏదీ పూర్తిగా లేదు.

సరే, నా మూడు దారుల సంగతి. పాత బ్రౌజరుని పెట్టెలో పెట్టి నడపడం అన్నిటికన్నా తొందరగా అయ్యే పని. పద్మ ఎప్పట్లాగే పనిచేస్తుంది. కానీ అది అక్కడితో సరి. నా తర్వాత ఇంకెవరికైనా ఇలాంటి సీడీలు దొరికితే వాళ్లూ అదే పెట్టె కట్టుకోవాలి. పైగా యూనికోడ్ తెలుగు అప్పటినుంచి పెరిగింది. 2008లో ౘ, ౙలు చేరాయి, అవగ్రహం చేరింది, పాత భిన్నాంకెల గుర్తులు చేరాయి. 2015లో బండి ఱని పోలిన ఇంకో పాత అక్షరం, 2021లో నకారపొల్లు చేరాయి. ఆగిపోయిన ప్యాకేజీకి ఇవేవీ తెలియవు.

మొత్తం తిరగరాయడం మాటకొస్తే, రాసి ఎవరికివ్వాలి? బ్రౌజరులో అప్పటికప్పుడు మార్చి చూపించాల్సిన సైట్లు ఇప్పుడు లేవు. ఉన్నవల్లా సీడీలు, పాత హార్డ్‌డిస్కులు. ఇంకా డీటీపీ షాపుల్లో అటకెక్కిన పేజ్‌మేకర్ ఫైళ్లు. అడోబీ పేజ్‌మేకర్ని 2004లోనే ఆపేసినా, మన చిన్న ఊళ్లలో పెళ్లిపత్రికలు, కవితా సంపుటాలు, స్థల చరిత్రలు ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు అందులోనే, అను ఫాంట్లలోనే కూర్చారు. ఆ పుస్తకాలు కాగితం మీదైతే ఉన్నాయి. ఫైళ్లలో ఉన్నది మాత్రం ఏ వెతుకులాటకీ అందదు. యాడాన్ అనే పైచొక్కా వాటికి అక్కర్లేదు.

మూడో దారి, పద్మని వదిలేసి దొరికినదానితో కానిచ్చేయడం. రెండు కన్వర్టర్లు పట్టుకుని చూశాను. ఒకటి మ అక్షరాన్నంతా వకారం చేసింది. ఇంకోటి నీటుగానే చేసింది కానీ దాని లోపల ఏముందో చూపించదు. తప్పు దొరికితే దిద్దుకునే వీల్లేదు.

చివరికి నేను పద్మని సగం వదిలేశాను. పద్మలో రెండు భాగాలున్నాయి. ఫైర్‌ఫాక్స్‌కి అతుక్కునే భాగం ఒకటి, అదే 2017లో చచ్చిపోయింది. ఫాంట్ పట్టికలు, అక్షరాన్ని కూర్చే తర్కం ఇంకొకటి. అది మామూలు జావాస్క్రిప్టు. లేఖిని బతికింది ఆ భాగం తీసుకునే. ఒక్కో గడిలో ఏ ముక్క ఉందో ఎవరో తెర ముందు కూర్చుని, పేపర్ పక్కన పెట్టుకుని, గడి గడి చూసి రాసిన పట్టికలవి. ఆ ఓపికని మళ్లీ పుట్టించలేం. ఆ ఫాంట్లు ఇప్పుడు దొరకడమే కష్టం. కాబట్టి అతుకుని పీకేసి, పట్టికల్ని మామూలు టెక్స్టు ఫైళ్లుగా విడదీశాను. ఏ భాషలో ప్రోగ్రాము రాసేవాళ్లయినా, ఇరవై ఏళ్ల తర్వాతైనా, చదువుకోగలిగేట్టు. జీపీఎల్ షరతు ప్రకారం మొదటి పేరు మొదటి చోటే ఉంచాను. మార్చే ప్రోగ్రాము రెండువందల పంక్తులకు మించలేదు. అది పోయినా ఫర్వాలేదు, పట్టికలు ఉంటే ఇంకోటి రాసుకోవచ్చు.

చిన్నాన్నకి మొదటి సీడీ మార్చి ప్రింట్లు తీసిచ్చాను. ఆయన చూసుకున్నది వార్తలు కాదు, అక్షరాలు. "ఈడ అలుగు అనుండాల. అలగు అని వచ్చినాది," అని పెన్సిల్‌తో గీసిచ్చాడు. కొమ్ము ముక్కలు ఆ ఫాంట్‌లో రెండు రకాలున్నాయి, పొడుగు అక్షరాలకి ఒకటి, పొట్టి వాటికి ఒకటి. రెండోదాని గడి పట్టికలో చేర్చాల్సి ఉంది. చేర్చాక 'అలుగు' అని వెతికితే ఆ సీడీలో ముప్పై నాలుగు చోట్ల వచ్చింది. అందులో ఒకటి చెరువు నిండి అలుగు పారిన రోజు వార్త. ఇంకా ఆరు గడులు ఏమిటో తేలలేదు. ఆయన దగ్గర పాత పేపర్ కటింగులు ఒక ట్రంకు పెట్టెలో ఉన్నాయట. వచ్చే నెల కంభం వెళ్లినప్పుడు వాటిని పక్కన పెట్టుకుని చూడాలి.